మస్టాంగ్‌కి లోహపు ఒళ్ళు: 40 రోజుల డైరీ

1వ రోజు

పెట్టె ఇవాళ తెరిచాను. 1/48 స్కేలు (నిజం విమానంలో 48వ వంతు) పీ-51డీ మస్టాంగ్, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ ఫైటర్ విమానం, ప్లాస్టిక్ మోడల్ కిట్. కొని చాలా నెలలైంది కానీ బల్ల కింద నుంచి పైకి తీయడానికి ధైర్యం చాల్లేదు. కాక్‌పిట్ కష్టమనీ కాదు, చిన్న చిన్న ముక్కలు ఎక్కడో పడిపోతాయనీ కాదు. భయమంతా రంగు గురించే. రంగు వేయని విమానంలా కనిపించేలా దీనికి రంగు వేయాలి.

ఆకుపచ్చ, బూడిద మచ్చలున్న విమానమైతే చిన్నాచితకా తప్పులు రంగు కింద సర్దుకుపోతాయి. ఒట్టి లోహం అలా ఊరుకోదు. అతుకు దగ్గర వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉన్నా లైటు సరిగ్గా అక్కడే విరుగుతుంది. మూడేళ్ళ క్రితం ఒకసారి ప్రయత్నించాను. డబ్బా స్ప్రేతో వెండి రంగు కొట్టేశాను. ఆరాక చూస్తే ఇనప బీరువాకి రెక్కలు మొలిచినట్టు ఉంది. అది ఇప్పటికీ అటక మీద ఉంది. ఇవాళ దాన్నీ కిందికి దింపాను. ఈ పని పూర్తయ్యేదాకా రంగుల పరీక్షలన్నీ దాని మీదే.

2వ రోజు

జిగురు సీసా మూత తీయలేదు. రోజంతా ఫోటోలు చూడటంతోనే సరిపోయింది.

మొదట తెలిసింది ఏమిటంటే, ఇప్పుడు ఎయిర్ షోలలో ఎగిరే మస్టాంగ్‌లని చూసి రంగు వేస్తే దెబ్బతింటాం. వాటిని అద్దంలా పాలిష్ చేసి ఉంచుతారు. 1944లో యుద్ధంలో తిరిగిన విమానానికి అంత ముస్తాబు ఎవరు చేస్తారు? అల్యూమినియం గాలి తగిలితే చాలు, పైన పల్చటి ఆక్సైడ్ పొర కట్టేసుకుంటుంది. దాంతో మెరుపు తగ్గి పాలిపోయినట్టు అవుతుంది. ఆనాటి ఫోటోల్లో ఫ్యూజలేజ్ (రెక్కలు, తోక కాకుండా విమానం ఒళ్ళు) మీద నీడలు కనిపిస్తాయి కానీ ముఖం చూసుకునేంత అద్దం కాదు.

రెండోది తెలిశాక నా ప్లానంతా మారిపోయింది. మస్టాంగ్ రెక్క ఒట్టి లోహం కాదు! దాని రెక్కది లామినార్ ఫ్లో ఆకారం. రెక్క మీద గాలి పొర చెదరకుండా వీలైనంత వెనక్కి జారాలంటే ఉపరితలం నున్నగా ఉండాలి. అందుకని ఫ్యాక్టరీలోనే రెక్క ముందు భాగంలో, వెడల్పులో సుమారు 40 శాతం దాకా, రేకుల అతుకుల్నీ రివెట్లనీ పుట్టీతో పూడ్చి, సాండింగ్ చేసి, పైన అల్యూమినియం రంగు ల్యాకర్ (త్వరగా ఆరే రకం రంగు) వేసేవాళ్ళు. 1944 తొలి నెలల నుంచి శత్రువు కంటపడకుండా వేసే ముదురు రంగు మానేసి లోహపు రంగుతోనే విమానాలు బయటికి వచ్చాయి. ఆ విమానాల్లో కూడా ఫ్యూజలేజ్ నిజమైన రేకు, రెక్క మాత్రం వెండి రంగు పూత. తోక చివర తిరిగే రడ్డర్ అయితే రేకు కూడా కాదు, గుడ్డ. దానికీ వెండి రంగు డోపే (గుడ్డ బిగిసేలా పూసే ల్యాకర్).

అంటే ఒకే విమానం మీద కనీసం రెండు రకాల వెండి కావాలి. ఒకటి లోహం. రెండోది లోహంలా కనిపించడానికి వేసిన రంగు. నా బీరువా విమానంలో జరిగిన తప్పు ఇక్కడే ఉంది. ఒకే డబ్బాతో ముక్కు నుంచి తోక దాకా కొట్టేశాను.

3–7 రోజులు

కాక్‌పిట్, రేడియేటర్ గొట్టం, చక్రాల గుంతలు. వీటి గురించి పెద్దగా రాసేదేమీ లేదు, సీటు బెల్టుల దగ్గర ఓపిక నశించడం తప్ప.

ఫ్యూజలేజ్ రెండు సగాలూ అతికించాను. పల్చటి జిగురు పారించి, కాస్త నొక్కిపెట్టి, అతుకు నుంచి కరిగిన ప్లాస్టిక్ సన్నటి గట్టులా పైకి వచ్చేలా చూశాను. ఆ గట్టు ఆరాక కోసేస్తే అతుకులో ఉండేది ప్లాస్టిక్కే, పుట్టీ కాదు. లోహపు పనికి ఇది చాలా ముఖ్యం. పుట్టీ మెత్తన, ప్లాస్టిక్ గట్టి. సాండ్ పేపర్ రెండింటినీ ఒకేలా కోయదు. పైగా పుట్టీ రంగుని పీల్చుకుంటుంది. మామూలు రంగు కింద తెలియదు కానీ మెరుపు కింద ఆ చోటు మచ్చలా తేలుతుంది. మరీ తప్పనిచోట సూపర్ గ్లూతో నింపి, గంటలోపే అరగదీశాను. మర్నాటికి వదిలేస్తే అది ప్లాస్టిక్ కన్నా గట్టిపడిపోతుంది. అప్పుడు చుట్టూ ప్లాస్టిక్ అరిగి, అది మాత్రం గట్టులా నిలబడుతుంది.

8–10 రోజులు

రెక్కలు. కిట్ తయారుచేసినవాళ్ళు ఎంతో శ్రద్ధగా చెక్కిన గీతల్ని నేను అంతే శ్రద్ధగా పూడుస్తున్నాను. మనసుకి కష్టంగానే ఉంది.

మిస్టర్ సర్ఫేసర్ 500 అనే పల్చటి పుట్టీని చిన్న బ్రష్షుతో గీతల్లోకి నింపాను. ఆరాక కుంగిపోయింది, మళ్ళీ నింపాను. తర్వాత 800 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాను. పుట్టీ రంగుని పీల్చుకుంటుందని పైన రాసింది నేనే, కానీ రెక్కకి ఆ భయం లేదు. దీనికి వచ్చేది మామూలు రంగు, దాని కింద ప్రైమర్ (అడుగు పూత) ఉంటుంది. నిజం రెక్కలోనూ పుట్టీయే కదా.

అన్ని గీతలూ పూడ్చకూడదు. తెరుచుకునే మూతల గీతలు నిజం విమానంలోనూ ఉంటాయి. తుపాకుల మూతలు, తూటాల మూతలు, పెట్రోలు పోసే మూత, రెక్క వెనక అంచున కదిలే ఫ్లాప్‌లూ ఎయిలరాన్‌లూ. వాటి మీద ముందే టేపు ముక్కలు అంటించి గుర్తు పెట్టుకున్నాను. అయినా ఎడమ రెక్కలో ఒక తూటాల మూత అంచు పూడ్చేశాను. మళ్ళీ సూదితో గీయాల్సి వచ్చింది.

11–13 రోజులు

చేయి నొప్పి. మూడు రోజులుగా వాటర్ పేపర్ తప్ప ఇంకేం లేదు. 600, 1000, 1500, 2000, ఆ పైన మెత్తటి పాలిషింగ్ గుడ్డలు 4000 దాకా.

ఇంత ఎందుకని ఎవరైనా అడిగితే ఈ లెక్క చెబుతాను. నిజం మస్టాంగ్ రెక్కల పొడవు 11.28 మీటర్లు. నా బల్ల మీద అది 23 సెంటీమీటర్ల చిల్లర. మోడల్ మీద 0.1 మిల్లీమీటర్ గీత పడితే నిజం విమానం మీద దాదాపు 5 మిల్లీమీటర్ల గాడి పడినట్టు. ఎవరో గునపంతో గీకినట్టు! 600 పేపర్ గీతల్ని 1000 తీసేయాలి, 1000 గీతల్ని 1500 తీసేయాలి. మధ్యలో ఒక నంబరు దాటేస్తే పై నంబరు ఎంత రుద్దినా కింది గీతలు పోవు, వాటి అంచులు మాత్రం మెరుస్తాయి. అందుకే నంబరు మార్చినప్పుడల్లా రుద్దే దిక్కు మార్చాను. ఇప్పుడు అడ్డంగా రుద్దుతుంటే నిలువు గీతలు కనిపిస్తున్నాయంటే పాత నంబరు పని ఇంకా పూర్తి కాలేదన్నమాట.

అరగదీయడంలో వెన్ను మీద గీతలు కొన్ని మాసిపోయాయి. గట్టి టేపుని స్కేలులా అంటించి, చెక్కే సూదితో మళ్ళీ గీశాను. ఒక్కో గీతకి మూడు నాలుగు తేలికపాటి లాగుళ్ళు. బలంగా ఒక్కసారే లాగితే సూది దారి తప్పుతుంది. ఒకచోట తప్పింది కూడా.

14వ రోజు

నిగనిగలాడే నలుపు వేశాను. ఫ్యూజలేజ్‌కి మాత్రమే. రెక్కలు ఇంకా అతికించలేదు. వేరువేరుగా రంగులేసి చివర్లో కలుపుతాను. అతుకు సరిపోతుందని పొడిగా పెట్టి నాలుగుసార్లు చూసుకున్నాను.

లోహపు రంగు కింద నలుపెందుకు? అటక విమానం మీద పరీక్షిస్తే బాగా అర్థమైంది. సగం బూడిద రంగు ప్రైమర్, సగం నలుపు వేసి, రెండింటి మీదా ఒకే లోహపు ల్యాకర్ కొట్టాను. బూడిద మీద అది పాలు కలిపినట్టు తెల్లబోయింది. నలుపు మీద లోతు వచ్చింది. లోహపు ల్యాకర్ పొర చాలా పల్చన. అందులో ఉండేవి సన్నటి అల్యూమినియం రేణువులు. రేణువుకీ రేణువుకీ మధ్య సందుల్లోంచి వెలుగు కిందికి దిగుతుంది. కింద నలుపుంటే అది అక్కడే ఇంకిపోతుంది. అందుకే మెరిసేచోట మెరుస్తుంది, నీడ పడేచోట నిజంగా నల్లబడుతుంది. నలుపు నున్నగా ఉంటే రేణువులు కూడా చదునుగా పడుకుంటాయి. గరుకుగా ఉంటే ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకి తిరిగి, వెలుగుని చెదరగొట్టి, మొత్తం బూడిదలా కనిపిస్తుంది.

18వ రోజు

నలుపు ఆరలేదు. నాలుగు రోజులైంది.

వేసింది ఎనామెల్ రకం, నెమ్మదిగా ఆరే నూనె రంగు. ఆరి ఉంటుందిలే అని తోక కింద బొటనవేలు పెట్టాను. వేలిముద్ర దిగబడింది, అదీ ఆధార్ కార్డుకి తీసినంత స్పష్టంగా! తప్పు సీసాదో, దళసరిగా కొట్టిన నాదో చెప్పలేను. రెండూ కావచ్చు.

రెండు దారులున్నాయి. ఇంకో పది రోజులు ఆగడం, లేదా తీసేయడం. ఆగి చూడొచ్చు కానీ సగం ఆరిన ఎనామెల్ మీద ల్యాకర్ పడితే ముడతలు పడుతుంది. ఆ భయంతో బతకలేను. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో మొత్తం తుడిచేశాను. ప్లాస్టిక్ మెత్తబడకుండా ఎనామెల్ థిన్నర్ మాత్రమే వాడాను. ల్యాకర్ థిన్నరైతే ప్లాస్టిక్‌ని కూడా కరిగించేస్తుంది. గీతల్లో మిగిలిన నలుపుని టూత్‌బ్రష్‌తో తీశాను. రాత్రి పదకొండైంది.

20వ రోజు

ఈసారి టామియా ఎల్‌పీ-1 ల్యాకర్ నలుపు, నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్‌తో బాగా పల్చన చేసి. నెమ్మదిగా ఆరితే రంగు తనంతట తాను సర్దుకుని నున్నబడుతుంది. నారింజ తొక్కలా బుడిపెలు రావు. రెండు తేలిక పూతలు, ఒక తడి పూత. గంటకే ముట్టుకోవచ్చు. అయినా బుద్ధి వచ్చింది కాబట్టి రెండు రోజులు మూత కింద పెట్టాను.

22వ రోజు

నలుపు మీద టార్చి వేసి చూశాను. గదిలో లైట్లన్నీ ఆర్పేసి, ఒక్క టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే తప్పులన్నీ బయటికొస్తాయి. కాక్‌పిట్ వెనక వెన్ను మీద అతుకు కనిపించింది. గీత కాదు, పల్లం. వేలితో తడిమితే తగలదు. వెలుగులో మాత్రం టార్చి ప్రతిబింబం అక్కడ వంకర తిరుగుతోంది.

నలుపులోనే దొరికింది, నయం. లోహం వేశాక దొరికి ఉంటే ఏడుపే. ఆ రెండంగుళాల మేర 1500తో నలుపుని ప్లాస్టిక్ దాకా తీసేసి, పల్లంలో సూపర్ గ్లూ సన్నగా పూసి, మళ్ళీ అన్ని నంబర్లూ రుద్దుకుంటూ వచ్చి, మళ్ళీ నలుపు. నిజం చెప్పాలంటే ఈ నలుపు పూతే అసలు తనిఖీ. లోహపు రంగు కొత్తగా చేసేదేం లేదు, నలుపు ఎలా ఉంటే దాన్నే పెద్దగా చేసి చూపిస్తుంది.

24వ రోజు

ఇవాళ లోహం!

ఫ్యూజలేజ్‌కి అల్‌క్లాడ్ 2 ల్యాకర్, అల్యూమినియం షేడు, 101 నంబరు. ఈ రంగుకి ఆ పేరు ఊరికే రాలేదు. మస్టాంగ్ రేకుని కూడా ఆల్‌క్లాడ్ అనే అనేవాళ్ళు. బలం కోసం మధ్యలో డ్యూరాల్యూమిన్ మిశ్రమం, తుప్పు పట్టకుండా దాని రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పల్చటి పొర. మన కంటికి కనిపించే మెరుపు ఆ పై పొరదే.

థిన్నర్ అక్కర్లేదు, సీసాలోంచి నేరుగా పోసుకోవడమే. గాలి ఒత్తిడి 12 నుంచి 15 పీఎస్ఐ. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) ముక్కు ఉపరితలానికి రెండు మూడు అంగుళాల దూరంలో. సీసా బాగా కుదిపి పోయాలి, కప్పులో ఉన్నదాన్ని కూడా మధ్యమధ్యలో కలపాలి. రేణువులు బరువు, నిమిషంలో అడుక్కి చేరిపోతాయి. మాస్కు పెట్టుకున్నాను, కిటికీలు తెరిచాను. వాసనకే తల తిరుగుతుంది.

మొదటి పూత వేసినప్పుడు ఏమీ జరగలేదనిపిస్తుంది. నలుపు మీద పొగ పట్టినట్టు ఉంటుంది, అంతే. చేయి ఆగక దగ్గరికి జరిపి గట్టిగా కొట్టాలనిపిస్తుంది. కొట్టకూడదు. తడిగా పడితే రేణువులు ఈదుకుంటూ పోయి చారలు కడతాయి, మెరుపు పోతుంది. రెండో పూతకి బూడిద. మూడో పూతకి ఒక్కసారిగా, కళ్ళ ముందే, ప్లాస్టిక్ రేకైపోయింది. ఈ క్షణం కోసమే ఇన్నాళ్ళ సాండింగ్ అనిపించింది. ఇంకో పూత వేయాలనిపించింది కానీ ఆగాను. పూర్తిగా కప్పేస్తే కింద నలుపు చేసే సాయం పోతుంది.

ఇక్కడి నుంచి గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. చేతి జిడ్డు కొన్ని గంటల్లో మచ్చ చేస్తుంది. తుడిస్తే మచ్చతో పాటు మెరుపూ పోతుంది.

26వ రోజు

ప్యానెల్ (రేకు ముక్క) తేడాలు. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది.

చాలా మోడల్స్‌లో ప్రతి ప్యానెల్‌నీ ఒక్కో షేడులో వేస్తారు. చూడగానే చదరంగం బల్లలా ఉంటుంది. నైపుణ్యం కనిపిస్తుంది, విమానం కనిపించదు. పాత ఫోటోల్లో పక్కపక్క రేకుల మధ్య తేడా ఉంటుంది, నిజమే. రేకుని రోలర్ కింద సాగదీసినప్పుడు దానికో వాలు, అంటే సన్నటి గీతల దిక్కు, ఏర్పడుతుంది. ఆ వాలు ఒక రేకులో నిలువుగా, పక్కదానిలో అడ్డంగా ఉంటే వెలుగు వేరుగా తిరుగుతుంది. కానీ విమానం కాస్త కదిలితే ముదురుగా ఉన్నది లేతబడుతుంది, లేతది ముదురవుతుంది. రంగుతో అది సాధ్యం కాదు. కాబట్టి తక్కువ వేయడమే మేలు.

ఇంజను మూతల్లో రెండిటికి, తోక దగ్గర ఒకదానికి మాత్రం 101లో కొంచెం డార్క్ అల్యూమినియం, 103, కలిపి కొట్టాను. పక్కనే పెట్టి చూస్తే తప్ప తేడా తెలియకూడదని లెక్క. పొగ గొట్టాల చుట్టూ ఉండే పట్టీ ఫోటోల్లో స్పష్టంగా ముదురుగా ఉంటుంది. దానికి అసలు 103 వేశాను. పొగ గొట్టాలు ఒక్కో వైపు ఆరు. వాటికి స్టీలు రంగు వేసి, పైన గోధుమ, ఆపైన చివర్లకి కాస్త తెల్లబారిన బూడిద రుద్దాను.

టేపుని ముందు చేతి వెనక వైపు రెండుసార్లు అంటించి తీసి, జిగురు తగ్గించాకే వాడాను. గ్లౌజు మీద కాదు, చర్మం మీద కాదు, ఉతికిన గుడ్డ మీద. చర్మం జిడ్డు టేపుకి అంటి, అక్కడి నుంచి లోహానికి చేరుతుంది. (చేతి వెనక వైపు అని పైన రాసేశాను, అలవాటు. గుడ్డే.) టేపు తీశాక అంచుల్లో మసక మచ్చలు మిగిలాయి. మెత్తటి నూలు గుడ్డతో మెల్లగా రుద్దితే పోయాయి.

28వ రోజు

ఫాయిల్ ప్రయోగం. లోహం కావాలంటే లోహమే అంటించొచ్చు కదా అనే పాత ఆలోచన. జిగురుతో వచ్చే బేర్-మెటల్ ఫాయిల్ అటక విమానం మీద వేసి చూశాను. ప్యానెల్ కన్నా కాస్త పెద్దగా కోసి, అంటించి, మధ్య నుంచి అంచులకి ఇయర్ బడ్‌తో ఒత్తుతూ ముడతలు తోసేయాలి. తర్వాత కొత్త బ్లేడుతో గీత వెంట కోసి, మిగిలింది లాగేయాలి. బ్లేడు కొత్తదే కావాలి. రెండు ప్యానెల్స్ కోశాక నా బ్లేడు ఫాయిల్‌ని చింపడం మొదలుపెట్టింది.

మెరుపులో దీన్ని మించింది లేదు. ఏ రంగూ దీని దరిదాపులకి రాదు. ఒకే ముక్కని అడ్డంగానో నిలువుగానో మెత్తటి స్టీలు పీచుతో రుద్దితే ఇందాక చెప్పిన రేకు వాలు కూడా వస్తుంది. మోడల్‌ని కదిపితే షేడు మారుతుంది, నిజం రేకులాగే. అయితే రెండు వంపులున్నచోట, ముక్కు కింద బొజ్జలా ఉన్నచోట, ముడత పడకుండా అంటించడం నా వల్ల కాలేదు. మొత్తం విమానానికి ఫాయిల్ వేసేవాళ్ళకి దండం పెడతాను.

నా మస్టాంగ్ మీద మూడే చోట్ల వాడాను. కాక్‌పిట్ కింద చదునైన రెండు ప్యానెల్స్, ల్యాండింగ్ గేర్ కాళ్ళలో నూనెతో జారే మెరుగు భాగం. ఆ మెరుగు భాగానికి ఏ రంగేసినా నమ్మేలా ఉండదు. సన్నటి ఫాయిల్ పట్టీ చుట్టేస్తే ఐదు నిమిషాల పని.

30వ రోజు

రెక్కలకి రంగు. బూడిద ప్రైమర్, దాని మీద టామియా ఎల్‌పీ-11 వెండి. నలుపు లేదు, అద్దంలాంటి పాలిష్ లేదు. ఆరాక పైన సగం మెరుపు క్లియర్ (రంగులేని) పూత.

క్లియర్ పూత గురించి ఒక మాట. లోహపు ల్యాకర్ మీద క్లియర్ వేస్తే లోహం చచ్చిపోతుంది, రంగులా కనిపిస్తుంది. అటక విమానం మీద మూడు రకాల క్లియర్‌లు పరీక్షించాను, మూడూ ఎంతో కొంత చంపాయి. ఫ్యూజలేజ్ మీద అది శాపం. రెక్క మీద సరిగ్గా అదే కావాలి, ఎందుకంటే నిజం రెక్క మీద ఉన్నదే రంగు. రడ్డర్‌కి ఇంకాస్త మెరుపు తగ్గించాను.

సాయంత్రం రెక్కలూ ఫ్యూజలేజ్ పొడిగా కలిపి కిటికీ దగ్గర పెట్టాను. మా అమ్మాయి వచ్చి చూసింది.

"నాన్నా, రెక్కలకి ఇంకో కోటింగ్ వెయ్యాలా?"

"ఎందుకమ్మా?"

"మధ్యలో ఉన్నది రేకులా ఉంది, ఇవేమో రంగేసినట్టున్నాయి."

దీనికన్నా మంచి సర్టిఫికెట్ ఏ పోటీలోనూ రాదు. విషయం చెప్పబోయాను. లామినార్ ఫ్లో అనగానే ఫోన్ వైపు చూడటం మొదలుపెట్టింది. ఆపేశాను.

33వ రోజు

రెక్కలు అతికించాను. ముక్కుకి నీలం. ఇంగ్లండ్‌లోని బాడ్నీ నుంచి ఎగిరిన అమెరికా 352వ ఫైటర్ గ్రూపు మస్టాంగ్‌లకి ముక్కు నీలంగా ఉండేది. ఆ గుర్తుల్నే ఎంచుకున్నాను. ఒట్టి లోహం పక్కన ముదురు నీలం ఉంటే రెండూ లేస్తాయి.

లోహం మీద టేపు వేసి నీలం కొట్టడమంటే మళ్ళీ టెన్షన్. టేపు అంచు వెంట మొదట అదే అల్యూమినియం రంగు ఒక్క పొగలాంటి పూత కొట్టాను. టేపు కింద సందులేమైనా ఉంటే వాటిని అది మూసేస్తుంది, కారినా కారేది లోహం మీద లోహమే. ఆ తర్వాత నీలం. అంచు బ్లేడుతో కోసినట్టు వచ్చింది. టేపు తీసేటప్పుడు ఎడమ వైపు ఆవగింజంత లోహం లేచిపోయి నలుపు బయటపడింది. సన్న బ్రష్షుతో చుక్క పెట్టాను. నాకు తెలుసు కాబట్టి నాకు కనిపిస్తుంది.

36వ రోజు

డెకాల్స్, అంటే నీళ్ళలో తడిపి అంటించే గుర్తుల స్టిక్కర్లు. మెరుపు మీద డెకాల్ అంటించడం సులువే, ఉపరితలం నున్నగా ఉంది కాబట్టి కింద గాలి చిక్కుకోదు. ఇబ్బంది వేరే చోట ఉంది. డెకాల్ అంచున అచ్చు లేని పారదర్శక పొర ఉంటుంది. రంగు మీద అది క్లియర్ పూత కింద మాయమైపోతుంది. ఫ్యూజలేజ్‌కి నేను క్లియర్ వేయడం లేదు. కాబట్టి కొత్త బ్లేడుతో ఆ పొరని అక్షరం అంచు దాకా కోశాను. నక్షత్రం, పెద్ద అక్షరాలు వరకు సరే. ఇంజను మూతల మీద అక్షరం కూడా చదవలేని హెచ్చరికల దగ్గర చేతులెత్తేశాను, వాటిని అలాగే అంటించేశాను.

డెకాల్ మెత్తబరిచే ద్రావకాలు లోహపు రంగుని మచ్చ చేస్తాయేమోనని అటక విమానం మీద ముందే చూశాను. మైక్రో సెట్ ఏమీ చేయలేదు. మైక్రో సాల్ చుక్క అలాగే ఆరనిస్తే అంచున ఉంగరంలా గుర్తు మిగిలింది. అందుకని సాల్ పెట్టిన వెంటనే చుట్టూ కారినదాన్ని తడి బ్రష్షుతో తీసేశాను. ఒకచోట మర్చిపోయాను. ఉంగరం వచ్చింది. తోక కింద వైపు కాబట్టి బతికిపోయాను.

38వ రోజు

గీతల్లో వాష్, అంటే గీతల్లోకి పారించే పల్చటి రంగు. నలుపు వాడలేదు. లోహం మీద నలుపు గీతలు పెన్నుతో గీసినట్టు ఉంటాయి. ముదురు బూడిదలో చిటికెడు గోధుమ కలిపాను. నీళ్ళతో కలిసే రకం, ఎందుకంటే టర్పెంటైన్ లాంటివి పెట్టి మళ్ళీ ఇంకో రాత్రి పదకొండు దాకా కూర్చోవాలని లేదు. రెక్కల మీద తెరుచుకునే మూతల గీతలకి మాత్రమే వేశాను.

పొగ మరకలు ఎయిర్‌బ్రష్‌తో, గోధుమ కలిసిన బూడిద, చాలా పల్చన. రెక్క మొదట్లో, పైలట్ ఎక్కే చోట, కొంచెం మురికి. ఇంతకన్నా పాతబరచలేదు. పెచ్చులూడిన రంగు వేయడం మోడల్ చేసేవాళ్ళందరికీ ఇష్టం. కానీ రంగే లేని ఫ్యూజలేజ్ మీద పెచ్చులు ఏవి ఊడతాయి?

40వ రోజు

ప్రొపెల్లర్, యాంటెన్నా, కాక్‌పిట్ గాజు. అన్నీ పెట్టేశాను. గాజు మీద ఎక్కడా వేలిముద్ర లేదు, అది నాకే ఆశ్చర్యం.

మిగిలినవి రెక్కల కింద వేలాడే డ్రాప్ ట్యాంకులు (అదనపు పెట్రోలు ట్యాంకులు). కిట్‌లో రెండు రకాలున్నాయి. 75 గ్యాలన్లవి లోహంవి, 108 గ్యాలన్లవి బ్రిటన్‌లో తయారైన కాగితం ట్యాంకులు. అవును, కాగితమే. దళసరి కాగితాన్ని జిగురుతో ఒత్తి, పెట్రోలు పోసి వాడి, ఖాళీ అయ్యాక గాల్లోంచి వదిలేసేవాళ్ళు. కాగితం ట్యాంకులకి బయట వెండి రంగు పూసేవాళ్ళు.

లోహం ట్యాంకుల్ని పెట్టెలోనే ఉంచేశాను. కాగితం ట్యాంకులకి నలుపు వేయలేదు, పాలిష్ చేయలేదు. మూడేళ్ళ క్రితం నాటి ఆ స్ప్రే డబ్బా ఇంకా సగం ఉంది. దాన్ని బాగా కుదిపి ఒక్క పూత కొట్టాను. అచ్చం కాగితానికి వెండి రంగు పూసినట్టే వచ్చింది. రేపు ఆరాక రెక్కల కింద పెడతాను.